ఫోన్లో దీపం

ఆ వానాకాలం మా ఇంట్లో రోజూ రెండు దీపాలు వెలిగేవి. ఒకటి అమ్మ దేవుడి పటాల ముందు పెట్టేది. రెండోది నా ఫోన్లో వెలిగేది. మొదటిదాన్ని అమ్మ పనికి పోయే తొందరలో ఒక్కోసారి మరిచిపోయేది గానీ, రెండోదాన్ని మా నాయిన మాత్రం మరిచిపోనిచ్చేవాడు కాదు.

అప్పుడు నేను బీఎస్సీ స్టాటిస్టిక్స్ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను. మాకు చెప్పే వాసంతి మేడమ్ ఆ ఏడు పాఠంతోపాటు ఆన్‌లైన్ ప్రాక్టీస్ పెట్టారు. రోజూ కొన్ని లెక్కలు ఫోన్లో చెయ్యాలి. జవాబు సరైనదైతే ఆకుపచ్చ టిక్కు పడుతుంది, తప్పయితే ఎర్ర గీత పడుతుంది. తప్పు చేసినవాళ్లకు ఎక్కడ పొరబడ్డారో చిన్న మాట చెప్పి, అంకెలు మార్చి, మళ్లీ చెయ్యమంటుంది. మనకు వస్తున్నకొద్దీ లెక్కలు కష్టమవుతాయి. రాకపోతే తేలికవుతాయి. లెక్క చెయ్యగానే పేరు పక్కన దీపం బొమ్మ వెలుగుతుంది, రోజూ చేస్తే వెలుగుతూనే ఉంటుంది, ఒకరోజు మానేస్తే ఆరిపోతుంది. ఈ ప్రాక్టీసుకు ఇంటర్నల్ మార్కుల్లో వాటా ఉండేది.

నిజం చెప్పాలంటే నన్ను నిలబెట్టింది ఆ ప్రాక్టీసే. సర్కారు బడిలో తెలుగులో చదివి వచ్చినదాన్ని. అంత పెద్ద క్లాసులో చెయ్యెత్తి అర్థం కాలేదని అడగలేకపోయేదాన్ని. ముందు బెంచీల వాళ్లు తల తిప్పి చూసే చూపు తలుచుకుంటేనే చెయ్యి కిందికి దిగిపోయేది. ఫోనుకు ఆ చూపు లేదు. ఎన్నిసార్లు తప్పు చేసినా విసుక్కోదు. ఒక సాయంత్రం బోరబండలో మా రేకుల గదిలో కూర్చుని, అదే లెక్కను అడ్డదిడ్డంగా చేసి చేసి, ప్రాబబిలిటీ అంటే ఏమిటో ఒక్కసారిగా బోధపడి పిచ్చిదానిలా నవ్వాను. అమ్మ పొయ్యి దగ్గర నుంచి తొంగిచూసి, "దీనికేమైందే?" అంది.

మా నాయిన పెంటయ్య హైటెక్ సిటీలో ఒక పెద్ద టవర్ గేటు దగ్గర సెక్యూరిటీ. అమ్మ చంద్రమ్మ అదే రోడ్డులో ఇంకో టవర్లో హౌస్‌కీపింగ్. పాలమూరు నుంచి వచ్చి, నేను పుట్టకముందే బోరబండలో కుదురుకున్నారు. నాయినకు చదువు రాదు. కార్ల నంబర్లు చూసి ఏది ఎవరిదో చెబుతాడు, అంతే. డ్యూటీ దిగి వచ్చి, బూట్లు విప్పి, కాళ్లు కడుక్కుని నా పక్కన గోడకు చేరగిలబడేవాడు.

"ఎలుగుతున్నదా బిడ్డా?"

"ఇంక చెయ్యలే నాయినా. ఇప్పుడే తీసిన."

"జల్దీ కానియ్. పొద్దు గూకినంక ఇంట్ల దీపం లేకుంటే ఎట్ల?"

"గది దేవుని దీపం కాదు నాయినా. ఉత్త బొమ్మ."

"బొమ్మయితే ఏంది? గోడ మీదున్న దేవుండ్లంత బొమ్మలే గద" అని నవ్వేవాడు.

అలా పక్కన కూర్చుని అప్పుడప్పుడూ లెక్కల సంగతి అడిగేవాడు. ఒకరోజు నేను పరీక్షించి తేల్చే పాఠం చేస్తున్నాను. మన దగ్గరున్న ఆధారం చూసి ఒక మాట నమ్మాలా వద్దా అని తేల్చడం. అందులో రెండు రకాల తప్పులుంటాయి. నాయినకు అర్థమయ్యేలా చెప్పాలనిపించింది.

"నీ గేటు లెక్కనే నాయినా. అసలు ఉద్యోగం చేసేటోన్ని దొంగ అనుకోని ఆపితివి, గదొక తప్పు. దొంగను చూసి ఉద్యోగం చేసేటోడు అనుకోని పంపితివి, గది ఇంకో తప్పు. రెండిటికి మా బుక్కుల పేర్లుంటయి."

"గిందుకు గూడ బుక్కులు రాస్తరా? ఏది పెద్ద తప్పంటరు?"

"నువ్వే చెప్పు."

నాయిన కాసేపు గడ్డం గోక్కున్నాడు. "అసలోన్ని ఆపుడే బిడ్డా. కార్డు మర్సిపోయొస్తరు. ఎండల నిలబెడితే ఆ మనిషి మొకం ఇంతైతది. మల్ల మనమెట్ల సూస్తం ఆ మొకం?"

ఆ జవాబు బాగుందని చెప్పి, ఫోను ఆయన ముందు పెట్టి, సరైన జవాబు ఎక్కడుందో చూపించి ఒత్తమన్నాను. బొటనవేలితో ఒత్తాడు. ఆకుపచ్చ టిక్కు పడింది. నాయిన మొహం చూడాలి ఆ వేళ!

"గ్రీనొచ్చింది సూడే చంద్రీ! నేనొత్తితే గ్రీనొచ్చింది!"

"అబ్బో, పట్నం జెయించినవు గని, లే. కూర సల్లగైతున్నది" అంది అమ్మ.

వానలు ముదిరాక క్యాంపస్ సెలక్షన్లు వచ్చాయి. డేటా పని చేసే ఒక కంపెనీ నన్ను తీసుకుంది. పరీక్షలన్నీ తప్పకుండా పాసవ్వాలి, ఒక్క పేపర్ మిగిలినా ఉద్యోగం లేదు అన్నది వాళ్ల షరతు. ఆ కంపెనీ ఉన్నది నాయిన గేటు కాసే టవర్లోనే, పై అంతస్తుల్లో. ఆ మాట విన్నప్పుడు నాయిన చొక్కా మళ్లీ తొడుక్కుని బయటికెళ్లి జిలేబీలు తెచ్చాడు. మర్నాడు గేటు దగ్గర తోటి గార్డు మహేందర్ మామకు చెప్పాడట, "మా కళ్యాణి కార్డు నేనే సూస్త. కార్డు లేకుంటే నా బిడ్డయినా సరే, ఆపుత" అని. మహేందర్ మామ మా ఇంటికొచ్చినప్పుడల్లా అదే చెప్పి ఏడిపించేవాడు. నాయిన తనే కొత్తగా విన్నట్టు పగలబడి నవ్వేవాడు.

వినాయకుడి మండపాలకు కర్రలు పాతుతున్న రోజుల్లో నాకు జ్వరం తగులుకుంది. మామూలు జ్వరమే అనుకున్నాం. ఒళ్లంతా ఎర్రటి దద్దుర్లు లేచి, కళ్లు తెరవలేని స్థితి వచ్చేసరికి దవాఖానలో పడేశారు. డెంగీ అన్నారు. ఆ రోజుల సంగతి నాకు పెద్దగా గుర్తులేదు. అమ్మ పని మానుకుని మంచం పక్కనే ఉంది. నాయిన డ్యూటీకి పోయే ముందొకసారి, వచ్చాక ఒకసారి కనిపించేవాడు. వార్డులో ఫోన్లు పోతున్నాయని నా ఫోన్ ఆయనే తీసుకెళ్లాడు. మిడ్ పరీక్ష నేను మంచంలో ఉండగానే అయిపోయింది.

ఇంటికి వచ్చాక, కూర్చునే శక్తి రాగానే ఫోన్ అడిగాను. నాయిన జేబులోంచి తీసి, గీతలు పడకుండా చుట్టిన చేతిగుడ్డ విప్పి ఇచ్చాడు. ఇచ్చి అక్కడే నిలబడ్డాడు. ప్రాక్టీస్ తెరిస్తే దీపం వెలుగుతూనే ఉంది. నాకు ఆశ్చర్యమేసింది. అన్ని రోజులు చెయ్యకపోయినా ఆరలేదంటే, మధ్యలో సెలవులేమైనా ఇచ్చారేమో అనుకున్నాను. లెక్కలు చూస్తే మరీ చిన్నపిల్లలవి. నాలుగు కడ్డీల బొమ్మ వేసి ఏ కడ్డీ ఎత్తుగా ఉందో చెప్పమంటోంది. మేడమ్ కొత్త పాఠం మొదటినుంచి ఎత్తుకున్నారు కాబోలనుకుని, నీరసంగా నాలుగు ఒత్తి పడుకున్నాను.

"ఎలుగుతున్నదా బిడ్డా?" అన్నాడు నాయిన, ముసిముసిగా.

"ఎలుగుతున్నది నాయినా."

ఇంకా ఏదో చెప్పబోయి, "పండు, పండు. పానం మంచిగ కానియ్" అని దుప్పటి కప్పాడు.

దవాఖాన కాగితం తీసుకెళ్లి మేడమ్‌కిచ్చాను. జ్వరంతో రాని వాళ్లకు మిడ్ మళ్లీ పెడతారు. "ముందు ఒళ్లు చూసుకో. పరీక్షదేముంది, రాస్తావు" అన్నారు మేడమ్. తర్వాత వచ్చిన పిలుపు మాత్రం పరీక్షకు కాదు. తండ్రినో తల్లినో వెంటబెట్టుకుని డిపార్ట్‌మెంట్‌కు రమ్మని వచ్చింది. నాయిన సగం రోజు సెలవు పెట్టి, యూనిఫాంలోనే వచ్చాడు. దవాఖాన కాగితాలన్నీ కవర్లో పెట్టుకుని గుండెకు ఆనించి పట్టుకున్నాడు.

హెడ్ విశ్వేశ్వరరావు సార్ చెడ్డవారు కాదు. గొంతు పెంచి మాట్లాడటం మేమెప్పుడూ వినలేదు. నాయినను కూర్చోమన్నారు. నాయిన కూర్చోలేదు, టోపీ చేత్తో పట్టుకుని తలుపు పక్కన నిలబడ్డాడు. సార్ నాతో ఇంగ్లీషులో మొదలుపెట్టారు. ఈ తేదీల్లో దవాఖానలో ఉన్నట్టు కాగితం ఇచ్చావు. అవే తేదీల్లో నీ పేరు మీద రోజూ ప్రాక్టీస్ జరిగింది. అది కూడా హైటెక్ సిటీ నుంచి. చదివి చేసిన జవాబులు కావవి, ఒకదాని తర్వాత ఒకటి నొక్కుకుంటూ పోయినవి. కాగితమైనా అబద్ధం కావాలి, ప్రాక్టీసైనా వేరేవాళ్లు చేసి ఉండాలి. ఏది నిజం?

నాకు నిజంగానే ఏమీ అర్థం కాలేదు. ఆ దీపం, కడ్డీల బొమ్మలు, చుట్టిపెట్టిన చేతిగుడ్డ ఒక్కొక్కటే కళ్లముందుకొచ్చాయి గానీ, వాటిని కలిపి చూడటానికి మనసు ఒప్పుకోలేదు.

పక్క కుర్చీలో ఉన్న వాసంతి మేడమ్ కల్పించుకున్నారు. ఆవిడా ఇంగ్లీషులోనే చెప్పారు. నెట్ అందనప్పుడు చేసినవి ఫోన్లోనే ఆగిపోయి, తర్వాతెప్పుడో ఎక్కుతుంటాయి సార్, తేదీలు తారుమారవుతాయి, ఇదివరకూ ఒకరిద్దరికి జరిగింది అని. చెప్పి నా వైపు తిరిగారు.

"అంతే కదా కళ్యాణీ?"

మేడమ్ కళ్లు నన్ను బతిమాలుతున్నాయి. ఒక్క అవును చాలు. నేను నోరు తెరిచాను.

"ఒక్క నిమిషమండి. పెద్దమనిషి వచ్చారు కదా, ఆయన్నీ అడుగుదాం" అన్నారు సార్. తెలుగులోకి మారి నాయినతో ఎంతో మర్యాదగా, "ఏమయ్యా, అమ్మాయి ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులూ ఫోన్లో ప్రాక్టీస్ ఆగకుండా జరిగింది. ఎవరు చేశారో మీకు తెలుసా?" అన్నారు.

నాయిన మొహం వెలిగిపోయింది. అంతసేపూ తనకు తెలియని భాషలో ఏదో జరుగుతుంటే బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ మనిషి, పెద్ద సార్ల కారు గేటులోకి వచ్చినప్పుడు నిలబడ్డట్టు నిటారుగా నిలబడ్డాడు.

"నేనే సార్! బిడ్డకు సోయి లేదు, జెరం. దీపం ఆరిపోతదని నేనే ఒత్తిన. డ్యూటీల జర ఖాళీ దొరికితే సాలు, గదే పని. రెడ్డొస్తే ఇంకోటి ఒత్తుడు, రెడ్డొస్తే ఇంకోటి. గ్రీనొచ్చేదాంక ఇడ్సిపెట్టలే. ఒక్క దినం గూడ ఆరనియ్యలే సార్."

మేడమ్ కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకోవడం మొదలుపెట్టారు. తుడిచిందే తుడుస్తూ ఉండిపోయారు. సార్ కాసేపు నాయిననే చూశారు. కోపం లేదు ఆయన మొహంలో. కోపం ఉంటే బాగుండేది, కాళ్లు పట్టుకునేదాన్ని.

"మంచిదయ్యా. ఉన్నదున్నట్టు చెప్పారు" అన్నారు.

నాయిన రెండు చేతులెత్తి దండం పెట్టాడు.

తర్వాత నాతో మళ్లీ ఇంగ్లీషులో చెప్పారు. ఒకరి పేరు మీద ఇంకొకరు చెయ్యడం ఏ ఉద్దేశంతో చేసినా కాపీ కిందికే వస్తుంది. మార్కులున్న పని కాబట్టి వదిలెయ్యడానికి లేదు. మళ్లీ మిడ్ ఉండదు. ఈ పేపర్ వచ్చే ఏడు మొదటినుంచి చెయ్యాలి. నేను తలూపాను. నాయిన కూడా నన్ను చూసి తలూపాడు.

మేడమ్ వరండాలోకి వెంట వచ్చారు. "మీరు ధైర్యంగా ఉండండి, నేను మళ్లీ మాట్లాడి చూస్తానండి" అన్నారు నాయినతో. నాకేం ధైర్యం తక్కువమ్మా అన్నట్టు నవ్వాడాయన. మేడమ్ తర్వాత మాట్లాడారు, నాకు తెలుసు. రాసి కూడా ఇచ్చారు. ఏం లాభం లేకపోయింది.

బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చాడు నాయిన.

"సారు మంచోడు బిడ్డా. నన్ను కుర్సీల కూసోమన్నడు, సూసినవా? ఉన్నదున్నట్టు జెప్పినవని మెచ్చుకున్నడు. పరీక్ష ఎప్పుడు పెడ్తరంట?"

"చెప్తరంట నాయినా."

బయట వాన కురుస్తూనే ఉంది. నాకు ఏడుపు కూడా రాలేదు. పక్కన కూర్చున్న ఈ మనిషి మీద కోపం తెచ్చుకుందామని చూశాను, అదీ రాలేదు. కోపం వచ్చి ఉంటే ఎక్కడో ఒకచోట దించుకునేదాన్ని. దిక్కులేని బాధ అంటారే, అది ఆ బస్సులో మొదటిసారి తెలిసింది నాకు. ఎవరి మీద వెయ్యడానికీ లేదు.

కంపెనీ నుంచి క్షమించమని నాలుగు ముక్కల మెయిల్ వచ్చింది. అమ్మకు ఒక్కదానికే చెప్పాను, నల్లా దగ్గర బట్టలు పిండుతున్నప్పుడు. అమ్మ పిండుతున్న దుప్పటి అలాగే పట్టుకుని, "మీ నాయినకు జెప్పకు" అంది. సరేనన్నాను. కానీ నాయిన ఊరుకునే మనిషైతే కదా! నేను చేరే రోజు తనను మెయిన్ గేటు దగ్గరే వెయ్యమని సూపర్‌వైజర్‌ను ముందే అడిగిపెట్టాడు. ఆ రోజు కోసం కొత్త బూట్లు కొన్నాడు. ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం తింటూ, "మొదటి దినం నువ్వు ఆటోల రావాలె బిడ్డా. బస్సుల నలిగి రావొద్దు. గేటు కాడ దిగితే నేనే..." అంటున్నాడు.

అమ్మ చేతిలో గరిటె గిన్నెలో పడేసింది.

"ఇగ సాలు ఆపు! అది పోదు. ఆ కొలువు లేదు, ఏం లేదు. నువ్వు ఫోన్ల ఒత్తినవని దాన్ని కాపీ కొట్టినోళ్లల్ల కలిపిన్రు. ఏడాది పోయింది. నువ్వే సార్ ముంగట చెప్పొస్తివి గద!"

నేను తల ఎత్తలేదు. నాయిన చెయ్యి కంచంలో ఆగింది. కాసేపటికి మళ్లీ కదిలింది. అన్నం పారెయ్యడం ఆయనకు చేతకాదు, ఒక్కో ముద్దా పెట్టుకుని చివరిదాకా తిన్నాడు. లేచి కంచం తనే కడిగి బోర్లించాడు. వచ్చి నా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"గ్రీనే వచ్చింది గద బిడ్డా?"

"వచ్చింది నాయినా."

ఇంకేం చెప్పను? ఆకుపచ్చే వచ్చింది. ఎర్రది వచ్చినచోటల్లా ఆయన ఓపిగ్గా ఇంకోటి ఒత్తాడు. తన వేలు ఒత్తిన ప్రతి ఒత్తునూ ఆ యంత్రం ఎక్కడో దాచుకుంటుందని ఆయనకెలా తెలుస్తుంది? చదువుకున్న నాకే తట్టలేదు.

ఆ రోజు నుంచి నాయిన ఫోన్ ముట్టుకోవడం మానేశాడు. నా ఫోను సంగతి వదిలెయ్యండి, తన ఫోను కూడా. అది మోగితే అమ్మను పిలుస్తాడు. గేటు దగ్గర హాజరు ఫోన్లోనే వెయ్యాలి, మొహం చూపించి ఆకుపచ్చ బటన్ ఒత్తాలి. మహేందర్ మామ ఒత్తిపెట్టేవాడు. ఒకరి హాజరు ఒకరు వెయ్యొద్దని సూపర్‌వైజర్ అరిస్తే, సెల్లార్ పార్కింగ్‌లో పుస్తకంలో వేలిముద్ర వేస్తే చాలని తెలుసుకుని, అక్కడికి మార్చమని నాయినే అడిగాడు. గాలీ వెలుతురూ లేని ఆ సెల్లార్ డ్యూటీ అంటే అందరూ పారిపోతారు. నాతోపాటు సెలెక్టయిన క్లాసువాళ్లు మెడలో కార్డులు వేసుకుని పైన గేటులోంచి లోపలికి పోయే రోజుల్లో మా నాయిన కింద, కార్ల పొగలో ఉన్నాడు. కొత్త బూట్లు అట్టపెట్టెలోనే ఉన్నాయి.

నేను ఒక సూపర్‌మార్కెట్ బిల్లింగ్ కౌంటర్లో చేరాను. మళ్లీ వానలు పడ్డాయి. యూనివర్సిటీ వాళ్లు నా ప్రాక్టీస్ మళ్లీ తెరిచారు. కౌంటర్ పని ముగించుకుని వచ్చి, పాత చోటనే కూర్చుని ఫోన్ తెరిచాను. దీపం ఆరి ఉంది. మొదటి ప్రశ్న వచ్చింది. నాలుగు కడ్డీల బొమ్మ, వీటిలో ఏది ఎత్తుగా ఉంది అని. ఆ యంత్రానికి నేను గుర్తులేను. దానికి గుర్తున్నది మా నాయిన. ఆయనకు తగ్గ ప్రశ్నలు వెతికి వెతికి, ఆయన చెయ్యగలిగినంత తేలికైనది పట్టుకుని, అక్కడే ఆగి ఎదురుచూస్తోంది.

నాయిన డ్యూటీ దిగి వచ్చాడు. కాళ్లు కడుక్కుని, గోడకు చేరగిలబడ్డాడు. ఇదివరకటిలా నా పక్కన కాదు, ఆ మూలకు. ఫోన్ పట్టుకుని దగ్గరికి జరిగాను.

"నాయినా, గీ ఒక్కటి నువ్వు ఒత్తు. ఏది పొడుగున్నదో సూసి ఒత్తుడే. నేను నీ పక్కనే ఉన్న గద. ఏం కాదు."

నాయిన బొమ్మ వైపు చూశాడు. ఏది ఎత్తుగా ఉందో ఆయనకు తెలుసు, కళ్లు అక్కడే ఆగాయి. రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు.

"వద్దు బిడ్డా. నిన్ను ఒకపారి గేటు కాడ ఆపింది సాలు."

నేనే ఒత్తాను. ఆకుపచ్చ టిక్కు పడింది. దీపం వెలిగింది. వెలిగింది నాయినా అని చెబుదామని తలెత్తేసరికి ఆయన గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు.